రోగానికి ఒక దారి ఉంటుంది



గజ్జి, విరేచనాలు, పచ్చకామెర్లు. హాస్టల్లో నాలుగేళ్లు చదివిన ఎవరికైనా ఈ మూడు పేర్లూ పరిచయమే. వీటి వెంట వచ్చే ఒక మాట కూడా పరిచయమే. “హాస్టల్ పిల్లలు శుభ్రంగా ఉండరు, అందుకే వాళ్లకు రోగాలు” అంటారు. ఈ మాట బడిలో విన్నాం, బస్సులో విన్నాం, ఒక్కోసారి మన చుట్టాల నోటే విన్నాం. పదిసార్లు వింటే ఎవరైనా నమ్మేస్తారు. అందుకే గజ్జి వచ్చినవాడు డాక్టరు దగ్గరకు పోకుండా చేతులు జేబులో దాచుకుని తిరుగుతాడు.

ఈ మాట నిజమా, కాదా? దీనికి కోపంతో కాకుండా లెక్కలతో జవాబు చెప్పే శాస్త్రం ఒకటి ఉంది. దాని పేరు ప్రజారోగ్యం. నేను ఎం.ఎస్సీ. మైక్రోబయాలజీలో చేరాక ఈ శాస్త్రం చరిత్ర చదివాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు కాబట్టి, ఇందులో కొన్ని సంగతులు నాకు ఇంతకుముందు చెప్పేవాళ్లు లేకపోయారు. మీకు చెప్పడానికి నేనున్నాను కదా అని ఈ వ్యాసం రాస్తున్నాను.

వైద్యం వేరు, ప్రజారోగ్యం వేరు

డాక్టరు ముందు ఒక రోగి కూర్చుంటాడు. “నీకేమైంది?” అని డాక్టరు అడుగుతాడు. ఇది వైద్యం. ప్రజారోగ్యం చూసేది ఒక మనిషిని కాదు, ఊరిని. “ఇంతమందికి ఒకేసారి ఎందుకు వచ్చింది? ఆ వీధిలో వచ్చి ఈ వీధిలో ఎందుకు రాలేదు?” అని అడుగుతుంది. వైద్యానికి మందు ముఖ్యం. ప్రజారోగ్యానికి రోగం నడిచి వచ్చిన దారి ముఖ్యం. ఆ దారి దొరికితే మూసేయవచ్చు. మూసేస్తే ఇంకా రోగం రానివాళ్లు కూడా బతుకుతారు.

రెండూ కావలసినవే. కానీ మన చదువుల్లో మొదటిదాన్ని గురించి విన్నంతగా రెండోదాన్ని గురించి వినం.

పేదవాడి వయసు ఎంత?

1842లో ఇంగ్లండులో ఎడ్విన్ చాడ్విక్ అనే అధికారి శ్రామికుల ఆరోగ్య పరిస్థితులపై ఒక నివేదిక ప్రకటించాడు. అందులో చనిపోయినవాళ్ల సగటు వయసును తరగతుల వారీగా లెక్క కట్టాడు. లివర్‌పూల్ నగరంలో పెద్ద కుటుంబాలవాళ్ల సగటు వయసు 35 ఏళ్లు, వ్యాపారులది 22 ఏళ్లు, కూలీలది 15 ఏళ్లు. కూలీలంతా 15 ఏళ్లకే చనిపోయేవారని దీని అర్థం కాదు. వాళ్ల పిల్లలు పసితనంలోనే ఎక్కువమంది పోవడం వల్ల సగటు అంతగా పడిపోయింది.

అదే నివేదికలో రట్లండ్ అనే పల్లె ప్రాంతం లెక్క కూడా ఉంది. అక్కడ కూలీల సగటు 38 ఏళ్లు. మాంచెస్టర్ నగరంలో పెద్దింటివాళ్ల సగటూ అంతే, 38. అంటే పల్లెలోని కూలీ, నగరంలోని ధనికుడితో సమానంగా బతికాడు. కూలీ రక్తంలోనే, అలవాట్లలోనే లోపం ఉంటే ఇలా జరగదు కదా! తేడా మనిషిలో లేదు. మనిషి ఉండే చోట ఉంది. మురుగు పోయే దారి లేని ఇరుకు వీధుల్లో ఉంది.

అయితే చాడ్విక్ కూడా ఒక విషయంలో పొరబడ్డాడు. మురుగు నుంచి లేచే దుర్గంధమే రోగమని ఆ కాలంలో అందరూ నమ్మేవారు. ఆయనా నమ్మాడు. అది తప్పని చూపించడానికి ఒక కూలీ కొడుకు రావలసి వచ్చింది.

కూలీ కొడుకు, కలరా లెక్క

జాన్ స్నో 1813లో యార్క్ పట్టణంలో పుట్టాడు. తండ్రి కూలి పని చేసేవాడు. తొమ్మిదిమంది పిల్లల్లో స్నో పెద్దవాడు. చదువుకుని లండన్‌లో డాక్టరయ్యాడు.

అప్పట్లో లండన్‌ను కలరా పదే పదే పట్టుకునేది. మన తెలంగాణ పల్లెల్లో గత్తర అన్నదీ, కోస్తాలో మరిడి అన్నదీ ఈ రోగమే. గాలి వల్ల కలరా వస్తే ముందు ఊపిరితిత్తులు చెడాలి, కానీ ఇందులో చెడేది కడుపు, కాబట్టి నోటి ద్వారానే ఏదో లోపలికి పోతోందని స్నో ఆలోచించాడు. 1849లోనే ఈ మాట రాశాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1854 ఆగస్టు చివర లండన్ సోహో ప్రాంతంలో బ్రాడ్ స్ట్రీట్ చుట్టూ కలరా ఒక్కసారిగా విరుచుకుపడింది. కొద్ది వారాల్లో 600 మందికి పైగా చనిపోయారు. స్నో ఇల్లిల్లూ తిరిగి, “మీరు ఏ పంపు నీళ్లు తాగారు?” అని అడిగాడు. చనిపోయినవాళ్లలో అత్యధికులు బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు నీళ్లు తాగినవాళ్లే.

ఇక్కడ మనం నేర్చుకోవలసిన సంగతి ఒకటుంది. స్నో రోగం వచ్చినవాళ్లను మాత్రమే లెక్కపెట్టి ఊరుకోలేదు. రానివాళ్లకు ఎందుకు రాలేదని కూడా అడిగాడు. ఆ పంపుకు దగ్గరలోనే నిరుపేదలను ఉంచే ఆశ్రమం ఒకటి ఉండేది. అందులో 535 మంది ఉంటే కలరాతో పోయినవాళ్లు అయిదుగురే. వాళ్లు ఆ వీధిలో అందరికంటే పేదవాళ్లు. అయినా బతికారు. ఎందుకంటే ఆశ్రమానికి సొంత బావి ఉంది! అలాగే పక్కనే ఉన్న బీరు తయారుచేసే చోట 70 మందికి పైగా పనివాళ్లు ఉంటే ఒక్కరూ కలరాతో చనిపోలేదు. వాళ్లు ఆ పంపు దగ్గరకు పోయేవాళ్లే కాదు. దీనికి ఎదురుగా, దూరంగా హాంప్‌స్టెడ్‌లో ఉండే ఒక వితంతువు ఆ పంపు నీళ్ల రుచి ఇష్టపడి రోజూ బండిలో తెప్పించుకునేది. కలరా లేని చోట ఉండి కూడా ఆమె కలరాతో చనిపోయింది.

సెప్టెంబరు 7న స్నో ఈ లెక్కలు స్థానిక పాలకుల ముందు పెట్టాడు. మరునాడు పంపు పిడి ఊడదీశారు. అప్పటికే రోగం కొంత తగ్గుముఖం పట్టిందని స్నో తానే నిజాయితీగా రాశాడు. కాబట్టి పిడి తీయడం కంటే ఆ లెక్కే గొప్పది. ఆ బావి పక్క ఇంట్లో ఒక పసిబిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయనీ, ఆ గుడ్డలు ఉతికిన నీళ్లు పోసిన మురుగు గొయ్యి బావికి ఆనుకునే ఉందనీ తర్వాత తేలింది. దీన్ని కనిపెట్టింది హెన్రీ వైట్‌హెడ్ అనే చర్చి ఫాదరు. స్నో మాట తప్పని రుజువు చేద్దామని బయలుదేరి, తిరిగి తిరిగి చివరకు ఒప్పుకున్నాడు.

అదే ఏడాది స్నో ఇంకా పెద్ద లెక్క చేశాడు. దక్షిణ లండన్‌లో రెండు కంపెనీలు ఒకే వీధుల్లో పక్కపక్క ఇళ్లకు నీళ్లిచ్చేవి. ఒక కంపెనీ నగరం మురుగంతా కలిసే చోట థేమ్స్ నది నీళ్లు తోడేది. లాంబెత్ అనే రెండో కంపెనీ 1852లో తన పైపును మురుగు కలవని ఎగువకు మార్చుకుంది. ఒకే వీధి, ఒకే గాలి, ఒకే రకం మనుషులు, నీళ్లు మాత్రం వేరు. మొదటి కంపెనీ నీళ్లు వాడిన ప్రతి 10 వేల ఇళ్లలో 315 మంది చనిపోయారు. లాంబెత్ నీళ్లు వాడిన ప్రతి 10 వేల ఇళ్లలో 37 మంది. తమ ఇంటికి ఏ కంపెనీ నీళ్లు వస్తున్నాయో కొందరు చెప్పలేకపోతే, ఆ నీళ్లలో ఉప్పు శాతం పరీక్షించి మరీ స్నో తేల్చుకున్నాడు.

కలరా క్రిమిని రాబర్ట్ కోచ్ వేరు చేసి చూపింది 1883, 84లలో, ఈజిప్టులోనూ మన కలకత్తాలోనూ. అంటే ఆ క్రిమి ఏమిటో లోకానికి రుజువు కావడానికి 30 ఏళ్ల ముందే స్నో దాని దారి పట్టుకున్నాడు. శత్రువు ముఖం తెలియకపోయినా, వచ్చే దారి తెలిస్తే తలుపు వేసుకోవచ్చు.

మన నేలలోనే ఉన్న ఉదాహరణ

లండన్ కథ మనకు దూరం అనిపిస్తే, మన దగ్గరిదే చూద్దాం. పళ్లకు గోధుమరంగు మచ్చలు, నడుము వంగిపోవడం, కీళ్లు బిగుసుకుపోవడం. కొన్ని పల్లెల్లో తరాల తరబడి ఇవి ఉండేవి. కొందరు శాపమన్నారు, కొందరు ఆ ఊరి రాత అన్నారు. 1937లో షార్ట్ అనే శాస్త్రవేత్త బృందం అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా ఊళ్లను పరిశీలించి, ఇది బావి నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వస్తోందని ప్రకటించింది. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వచ్చిన తొలి నివేదికల్లో ఇదొకటి. తర్వాత నల్లగొండ పేరు ఈ రోగంతో దేశమంతటా తెలిసింది.

ఇందులో క్రిమి లేదు. రాళ్లలోని ఫ్లోరైడ్ భూగర్భజలంలో కరుగుతుంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. ఎంత శుభ్రంగా ఉండే మనిషైనా, రోజుకు మూడుసార్లు స్నానం చేసినా, ఆ నీళ్లే తాగితే ఆ రోగం తప్పదు. నీళ్లు మరిగించినా లాభం లేదు. నీరు ఆవిరై ఫ్లోరైడ్ మరింత చిక్కబడుతుంది. నాగపూర్‌లోని ‘నీరి’ సంస్థ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి రూపొందించింది. దానికి ‘నల్లగొండ పద్ధతి’ అని మన జిల్లా పేరే పెట్టారు. అన్నిటికంటే మేలైన మార్గం మాత్రం ఆ బోరు మానేసి మంచి నది నీళ్లు తెచ్చి ఇవ్వడమే. ఆ పని ఒక మనిషి వల్ల కాదు, ప్రభుత్వం చేయాలి. అందుకే దీన్ని ‘ప్రజా’ ఆరోగ్యం అన్నారు.

మడి వేరు, శుభ్రత వేరు

నీళ్లను గురించి మాట్లాడుతూ మహాడ్‌ను మరవలేం. అక్కడి చౌదార్ చెరువు నీళ్లు అందరూ వాడుకోవచ్చని 1924లో మునిసిపాలిటీ తీర్మానించినా అంటరానివాళ్లను దిగనివ్వలేదు. 1927 మార్చి 20న డాక్టర్ అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగారు. తర్వాత కొందరు ఆ చెరువు మైలపడిందని, ఆవు పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపిన 108 కుండలు అందులో కుమ్మరించి ‘శుద్ధి’ చేశారు. కోర్టు వ్యాజ్యం 1937లో హైకోర్టు తీర్పుతో అంబేడ్కర్ పక్షాన ముగిసింది.

మైక్రోబయాలజీ విద్యార్థిగా ఈ సంఘటన చదివినప్పుడు నాకు తోచింది ఇది. మనిషి చేయి తగిలితే నీళ్లు చెడిపోయాయనుకున్నారు, పేడ కలిపితే బాగుపడ్డాయనుకున్నారు. క్రిమికి కులం తెలియదు. దానికి తెలిసింది దారి ఒక్కటే. ఎవరిని ముట్టుకోకూడదో చెప్పేది మడి. రోగం ఎటునుంచి వస్తుందో వెదికేది శుభ్రత. ఈ రెండింటినీ ఒకటనుకున్నంత కాలం మనవాళ్లకు మంచినీళ్లూ అందలేదు, నిందా తప్పలేదు.

చారెడు పంచదార, చిటికెడు ఉప్పు

మా నాయనమ్మకు ఏడుగురు పిల్లలు. ఇద్దరు పసితనంలోనే విరేచనాలతో పోయారు. “దేవుడిచ్చాడు, దేవుడే తీసుకుపోయాడు” అంటుంది ఇప్పటికీ. మీ ఇళ్లలోనూ ఇలాంటి కథలు ఉండే ఉంటాయి. విరేచనాల్లో ప్రాణం తీసేది ముఖ్యంగా ఒంట్లోంచి నీరు, లవణాలు పోవడం. అవి పోయినంత తిరిగి లోపలికి చేరితే మనిషి బతుకుతాడు.

1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడియం బైకార్బొనేట్ కలిపిన పొడిని సంచుల్లో కట్టించి, డ్రమ్ముల నీళ్లలో కలిపి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. శిబిరంలో అంతకుముందు నూటికి సుమారు 30 మంది చనిపోతుంటే, ఈ నీళ్లు తాగినవాళ్లలో మరణాలు నూటికి 4 లోపుకు తగ్గాయి. ఆయన 2022లో కన్నుమూశారు. 2023లో ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఇది ఎలా పనిచేస్తుంది? మన పేగుల్లో గ్లూకోజుకూ సోడియానికీ కలిపి ఒకే గుమ్మం ఉంటుంది. రెండూ జంటగా వస్తే ఆ గుమ్మం తెరుచుకుంటుంది, వాటి వెంట నీరూ లోపలికి పోతుంది. కలరా వచ్చినా ఆ గుమ్మం చెడిపోదు. అందుకే ఉత్త నీళ్ల కంటే ఉప్పూ తీపీ కలిసిన నీళ్లు నిలుస్తాయి. ఓఆర్ఎస్ పొట్లం దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, చెంచాతో సమానంగా కొలిచి కలపండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, కాబట్టి అందాజుగా వేయకండి. నీరసించిపోతే, మూత్రం రాకపోతే, మలంలో రక్తం పడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.

గజ్జి సంగతి

ఇప్పుడు మొదట చెప్పుకున్న గజ్జి దగ్గరకు వద్దాం. గజ్జి మురికి వల్ల పుట్టదు. అర మిల్లీమీటరు కూడా లేని ఒక పురుగు చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెట్టడం వల్ల వస్తుంది. 1687లోనే ఇటలీలో బొనోమో, చెస్తోని అనే ఇద్దరు దీన్ని సూక్ష్మదర్శినిలో చూసి రాశారు. వైద్యలోకం నమ్మలేదు. 1834లో పారిస్‌లో చదువుకుంటున్న రెనూచ్చి అనే వైద్య విద్యార్థి, సూదితో ఆ పురుగును బయటకు తీసి ప్రొఫెసర్ల ముందు పెట్టాడు. అలా తీయడం ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు. తన స్వస్థలమైన కోర్సికా దీవిలో పేద స్త్రీలు తీస్తుంటే చూసి నేర్చుకున్నాడు! ఇంటి దగ్గర నేర్చుకున్నది ఏదీ తక్కువ కాదని నాకు ధైర్యం చెప్పిన కథ ఇది.

గజ్జి దారి ఏమిటి? చర్మానికి చర్మం ఎక్కువసేపు తగలడం. ఒకే చాప మీద ఇద్దరు, చిన్న గదిలో ఇరవైమంది పడుకుంటే ఆ పురుగుకు రహదారి వేసినట్టే. మొదటిసారి సోకినవాళ్లకు దురద మొదలవడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే దురద లేనివాడి దగ్గర కూడా పురుగు ఉండవచ్చు. అందుకే ఒక్కడికే మందు రాస్తే పది రోజుల్లో మళ్లీ వస్తుంది. డాక్టరును అడిగి గదిలో ఉన్న అందరూ ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా మందు రాసుకోవాలి. వారం తర్వాత మళ్లీ రాసుకోవాలి. మరునాడు బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఉతకలేనివి కొద్ది రోజులు సంచిలో మూటకట్టి ఉంచినా చాలు. ఒంటిని వదిలితే ఆ పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు.

మనం ఏం చేయవచ్చు?

మొదటిది, ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, గది నంబరు, ఏ జబ్బు, ఏ నీళ్లు తాగారు, ఏం తిన్నారు అని అయిదు గడులు చాలు. లెక్కలో భాగహారం మరవకండి. ఉదాహరణకు ఒక గదిలో ఎనిమిదిమందికి, ఇంకో గదిలో అయిదుగురికి విరేచనాలు అనుకుందాం. ఎనిమిదే ఎక్కువ అనిపిస్తుంది. కానీ మొదటి గదిలో 20 మంది, రెండో గదిలో 10 మంది ఉంటే? మొదటిది నూటికి 40, రెండోది నూటికి 50. వెతకవలసింది రెండో గది దారిని. స్నో చేసిందీ ఇదే. దీనికి మైక్రోస్కోపు అక్కర్లేదు, ఏడో తరగతి లెక్కలు వస్తే చాలు.

రెండోది, ట్యాంకు. ఎప్పుడు కడిగారో ఆ తేదీ ట్యాంకు మీదే రాయమని అడగండి. పైపు మురుగు కాలువలోంచి పోతోందా, ఎక్కడైనా పగిలిందా చూడండి. క్లోరిన్ కలిపిన అరగంట తర్వాత కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. పరీక్ష చేసే చిన్న పెట్టె పంచాయతీ దగ్గర ఉంటుంది. ఒకసారి వచ్చి చూడమని కోరండి.

మూడోది, అడగడం. “సార్, మా పిల్లలకు బాగోలేదు” అంటే జాలిపడి మాత్రలిస్తారు. “సార్, ఈ వారం రెండో గదిలో పదిమందిలో అయిదుగురికి విరేచనాలు, వాళ్లంతా వెనక కొళాయి నీళ్లే తాగారు” అని నోటుపుస్తకం చూపిస్తే వార్డెన్ సారుకు కూడా పై అధికారికి రాయడానికి ఆధారం దొరుకుతుంది. లెక్క ఉన్న విన్నపాన్ని తోసిపుచ్చడం కష్టం.

చేతులు సబ్బుతో కడుక్కోవడం, గోళ్లు తీసుకోవడం మన బాధ్యత. అందులో సందేహం లేదు. కానీ కొళాయిలో నీళ్లు, కడుక్కోవడానికి సబ్బు, పడుకోవడానికి చోటు ఉంటేనే ఆ బాధ్యత నెరవేరుతుంది. ఉన్నప్పుడు మనం పాటిద్దాం, లేనప్పుడు అడుగుదాం.

ఇకమీదట ఎవరైనా “హాస్టల్ పిల్లలకు రోగాలెక్కువ” అంటే తల దించుకోవద్దు, తగాదా పడొద్దు. మూడు ప్రశ్నలు వేయండి. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయి? మురుగు ఎక్కడికి పోతోంది? గదిలో ఎంతమంది పడుకుంటున్నారు? ఈ మూడింటికీ జవాబు వెతకడం మొదలుపెట్టిన రోజే మీరు ప్రజారోగ్య విద్యార్థులు.

- ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. మైక్రోబయాలజీ